గోడలోకి దిగిన మాయ

మా అమ్మతో నేను ఇప్పటికీ మాట్లాడుతున్నానని తెలిసి కొందరు ముక్కున వేలేసుకుంటారు. మాట్లాడకుండా ఎలా ఉంటాను? నాన్న మా చిన్నప్పుడే పోయాడు. చెల్లెలు పోయాక ఆ ఇంట్లో మిగిలిన పెద్దవాళ్ళం మేమిద్దరమే. పైగా అమ్మ చేసినదాంట్లో తప్పెక్కడుందో వేలు పెట్టి చూపించమంటే నాకు చేతకాదు. కోపం మాత్రం కొండంత ఉంది. దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక ఇలా రాయడానికి కూర్చున్నాను.

నేను పశువుల డాక్టరును. కర్ణాటకలో బళ్ళారి దగ్గర, కురుగోడు నుంచి కంప్లి దాకా ఉన్న ఊళ్ళు నా తిరుగుడు. మా వైపు గేదెను ఎనుము అంటాం. మా ఇల్లు ఎనుముల మీదే నిలబడింది. అమ్మ పాలు పోసి మా ఇద్దరినీ పెంచింది. అందుకే నేను పశువుల చదువుకు పోయినప్పుడు ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆడపిల్ల పేడ చెయ్యి కడుక్కుని మళ్ళీ పేడలోనే చెయ్యి పెట్టిందని నవ్వారు, అంతే.

పై చదువులో నేను పట్టుకున్న విషయం గర్భసంచి. కడుపుతో ఉన్న జంతువు గర్భసంచి గోడలో ఏ జన్యువులు మేలుకుంటాయి, ఏవి నిద్రపోతాయి, ఒక జాతికీ ఇంకో జాతికీ అందులో తేడా ఏమిటి అన్నది చూడడం నా పని. కబేళా దగ్గర నిలబడి కోసిన గొర్రెల గర్భసంచులు అడుక్కునేదాన్ని. చిన్న చిన్న ముక్కలు కోసి ద్రవ నత్రజని క్యానులో వేసుకుని ప్రయోగశాలకు పరిగెత్తేదాన్ని. మాంసం అడగని మనిషిని కాబట్టి అక్కడివాళ్ళకు నేనొక వింత. మిగతా జంతువుల లెక్కలు వేరేవాళ్ళు తీసినవి, వాటి పక్కన నా గొర్రెల లెక్కలు పెట్టి చూసుకునేదాన్ని. ఆ రోజుల్లో నాకు లోకంలో ఇంతకన్నా అందమైన విషయం ఇంకోటి కనపడలేదు.

మాయ అంటే అందరికీ ఒకటే అనిపిస్తుంది, బిడ్డ వెనకాల వచ్చిపడే ఎర్రటి ముద్ద. కానీ జంతువును బట్టి దాని తీరు వేరు. ఎనుముకూ ఆవుకూ గొర్రెకూ అది గుండీలు పెట్టినట్టు ఉంటుంది. తల్లి గోడ మీద బొడిపెలు, మాయ మీద వాటిని కప్పి పట్టుకునే పట్లు. పట్టుకుని ఉంటాయే తప్ప గోడ తెగదు. పందికీ గుర్రానికీ చాపలా పరుచుకుంటుంది. కుక్కకూ పిల్లికీ మొలతాడులా పిల్ల చుట్టూ ఉండి ఇంకొంచెం లోపలికి పోతుంది. మనిషికి మాత్రం పళ్ళెంలా ఒక్కచోట కూర్చుని, గోడను తవ్వుకుంటూ పోయి తల్లి నెత్తురులోనే మునుగుతుంది. కోతికీ ఎలుకకూ కూడా దాదాపు ఇంతే.

కడుపు బిడ్డను పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుందని అనుకుంటాం. నేను చదివింది వేరు. మనిషి గర్భసంచి చేసే పెద్ద పని బిడ్డను ఆపడం. బిడ్డ వైపు కణాలు తవ్వుకుంటూ వస్తుంటే, గోడ తన లోపలి పొరను మందంగా మార్చుకుని ఇంతవరకే అని నిలబెడుతుంది. ఆ పొర తయారు కావడానికి ప్రత్యేకంగా కొన్ని జన్యువులు మేలుకోవాలి. ఎనుముకు ఆ బాధ లేదు, అక్కడ తవ్వేవాళ్ళే లేరు. ఈ సంగతి మొదటిసారి అర్థమైన రోజు నేను సంతోషంతో చెల్లెలికి ఫోన్ చేశాను. అది ఓపిగ్గా అంతా విని, "అక్కా, రాత్రికి ఏం తిన్నావు?" అంది.

ఇంత చదివి ఊరికి వచ్చాక నాకు దొరికిన పని, ఎనుముల మాయ లాగొద్దని ఊరూరా చెప్పడం. ఎనుము ఈనాక కొన్నిసార్లు మాయ పడకుండా వేలాడుతూ ఉండిపోతుంది. మా వాళ్ళు వెదురాకు మేపుతారు, బెల్లం పెడతారు, వేలాడే మాయకు పాత చెప్పు కడతారు. అదీ కాకపోతే ఎవరో ఒకరు మోచేతి దాకా లోపల పెట్టి గుండీలు ఊడబెరుకుతారు. ఒకప్పుడు డాక్టర్లు కూడా అదే చేసేవారు. లోపల పుండు పడి ఆ ఎనుము మళ్ళీ చూలు కట్టేది కాదు. నేను వద్దనేదాన్ని. లాగొద్దప్పా, మందేస్తా, నాలుగు రోజులు వాసనొస్తాది, ఓర్చుకోండి, అదే కుళ్ళి అదే పడిపోతాది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పెట్టుకున్నవాళ్ళ క్యాంపుల్లో అయితే ఇదే మాట 'అండీ' చేర్చి చెప్పేదాన్ని. ఆ వాసనకు ముక్కు మూసుకుని నన్ను తిట్టుకున్నవాళ్ళు ఎందరో. అయితే చాలాసార్లు అది నిజంగానే పడిపోయేది.

నా మాట మొదట నమ్మింది అమ్మే. మా ఎనుము ఒకటి మాయ వేయకపోతే, చుట్టుపక్కల వాళ్ళు ఎంత చెప్పినా చెయ్యి పెట్టనివ్వలేదు. పడిపోయిన రోజు ఆ ఎనుముకు పసుపు రాసింది. ఆ తర్వాత నాకన్నా ఎక్కువ ప్రచారం ఆమే చేసింది. పాల కేంద్రం దగ్గర, బస్సులో, పెళ్ళిళ్ళలో, మా పాప చెప్పింది, లాగొద్దు అంటూ. నాకు గర్వంగానే ఉండేది.

అమ్మ గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆమెకు ముప్పై దాటీ దాటకముందే గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతోందని వేరే ఊళ్ళో ఒక చోట చూపించుకోవడానికి పోతే, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుందని భయపెట్టి కోసేశారు. ఆ తర్వాత అమ్మ ఒళ్ళు ఆమె మాట వినలేదు. మండు వేసవి కాకపోయినా చెమటలు, నడుం పట్టేయడం, పాల బకెట్ ఎత్తలేక దొడ్లో కూర్చుని ఏడవడం. ఆ బకెట్ ఎత్తింది నా చెల్లెలు. మా ఊళ్ళో అమ్మ వయసు ఆడవాళ్ళు చాలామందికి ఇలాగే అయింది. అందుకే మా ఇంట్లో గర్భసంచి ఆపరేషన్ అన్న మాట వినపడితే గాలి కూడా బిగుసుకునేది.

చెల్లెలు కుడతినిలో ఉండేది. మా మరిది అక్కడ కరెంటు ప్లాంటులో షిఫ్టుల పని చేస్తాడు. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ సిజేరియనే. మూడోది వాళ్ళు అనుకోకుండా వచ్చింది. వచ్చాక వద్దనుకోలేదు. కానుపుకు ముందుగానే పిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చింది. బళ్ళారిలో స్కానింగ్ చేసిన డాక్టరమ్మ నా పని తెలిసి, నన్ను లోపలికి పిలిచి తెర చూపించింది.

మాయ కిందుగా, సరిగ్గా పాత కోతల మచ్చ మీద కూర్చుని ఉంది. కోత మచ్చ దగ్గర ఆ ఆపే పొర సరిగా పెరగదు. ఆపేది లేనప్పుడు మాయ ఆగదు. గోడను తొలుచుకుంటూ పోతుంది. తెర మీద గోడకూ మాయకూ మధ్య ఉండాల్సిన గీత లేదు. గొర్రెల గర్భసంచుల మీద అన్నేళ్ళు వెతికిన గీత అది.

డాక్టరమ్మ చెప్పింది స్పష్టంగానే ఉంది. నెలలు పూర్తిగా నిండకముందే, రక్తం సిద్ధం చేసుకుని ఆపరేషన్ చేసి, బిడ్డను తీసి, మాయను ముట్టకుండా గర్భసంచితో సహా తీసేయాలి. ముట్టుకుంటే నెత్తురు ఆపలేం. ఇంకో దారి ఉందా అని చెల్లెలే అడిగింది. మాయను లోపలే వదిలి పొట్ట కుట్టేసే పద్ధతి కూడా ఉందని, కొందరికి అది కరిగిపోతుందని, కానీ ఎప్పుడైనా ప్రాణం మీదికి రావచ్చని, తనైతే దాన్ని చెప్పనని ఆమె అంది. చెల్లెలికి ఆ మాటలో మొదటి సగమే వినపడింది.

ఇంటికి వచ్చాక దొడ్లో కూర్చున్నాం. అమ్మ కుడితి కలుపుతోంది. మరిది షిఫ్టు దిగి బండి మీద అప్పుడే వచ్చాడు.

"ఏంది, మాయ అంటుకుపోయిందా? అంతేనా?" అంది అమ్మ.

"అంతే కాదమ్మా. గోడలోకి దిగిపోయింది. సంచితో పాటు తీయల్ల అంటాండారు."

"సంచి తీసేకి వాళ్ళకు ఏదో ఒక సాకు కావల్ల. నాకు తెల్లబట్ట అన్నారు. దీనికి మాయ అంటాండారు."

"ఇది అట్లాంటిది కాదు. నేను చూసినా నా కండ్లతో."

"లాగొద్దు అని ఊరూరు తిరిగి చెప్పేది ఎవరు? నువ్వే గదా. అదే పడిపోతాది అని చెప్పల్యా? మన ఎనుముకు పడల్యా?"

"ఎనుముకు గుండీల మాదిరి ఉంటాదమ్మా, పట్టు వదిలితే ఊడొస్తాది. మనిషికి అట్ల కాదు, లోపలికి తవ్వుకోని పోతాది."

అమ్మ కుడితి చెయ్యి పైకి తీసి నన్ను చూసింది. "ఎనుముకు పడేది మనిషికి పడదా? దేవుడు ఎనుము మీద పెట్టిన దయ మన మీద పెట్టల్యా?"

పెట్టలేదమ్మా, నిజంగానే పెట్టలేదు అని అరవాలనిపించింది. నేను చదివిన చదువంతా ఆ ఒక్క వాక్యమే. కానీ ఆ వాక్యం నా తల్లి ముందు, నిండు చూలాలి ముందు ఎలా అంటారు? నసిగాను. జన్యువులు అన్నాను, పొర అన్నాను. నీకు పెళ్ళీ లేదు, కానుపూ లేదు, నీకేం తెలుసు పో అని అమ్మ నా మాట కొట్టేసింది. మరిది మాత్రం, "వదినా, నాకు బాయిలర్ తప్ప ఏమీ తెలీదు. ఆమె ఏం చెప్తే అదే," అని చెల్లెలి వైపు చూశాడు.

చెల్లెలు నవ్వింది. "నా మొగుడు నన్ను ఎనుము అంటే నువ్వు కొట్లాటకు వస్తావు. ఇప్పుడు నేను ఎనుము కాలేదని నువ్వే ఏడుస్తాండావు." తర్వాత నవ్వు ఆపి, "అక్కా, అమ్మ బకెట్ ఎత్తింది నేను. నాకింకా ముప్పై రాలే. నేను అమ్మ మాదిరి కాలేను. నా సంచి నాకు ఉండనీ," అంది.

ఆ తర్వాత నేను చేయని పని లేదు. బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను, డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడించాను. ఎంత మొత్తుకున్నా అది సరేననలేదు. ఒళ్ళు దానిది, భయం దానిది, ఆ భయం ఉత్తిది కూడా కాదు. అబద్ధం చెప్పి అమ్మ గర్భసంచి కోసినవాళ్ళెవరో, అదే రోజు నా చెల్లెలికి నిజం చెప్పే డాక్టర్ల నోరు కూడా నొక్కేశారు. చివరికి మాయను లోపలే వదలడానికి బళ్ళారి డాక్టర్లు ఒప్పుకున్నారు. మాయ పోయేదాకా బళ్ళారిలోనే, ఆసుపత్రికి దగ్గరగానే ఉండాలని, చుక్క నెత్తురు ఎక్కువ కనపడ్డా పరిగెత్తుకు రావాలని గట్టిగా చెప్పారు.

ఆపరేషన్ బాగా జరిగింది. మళ్ళీ ఆడపిల్లే. పొట్టిగా, పండిన మిరపకాయలా ఎర్రగా ఉంది. మాయను లోపలే వదిలి కుట్టేశారు. చెల్లెలు లేచి కూర్చుంది, పాలిచ్చింది, పెద్దపిల్లలకు తలలు దువ్వింది. అమ్మ నా వైపు చూసిన చూపుల్లో గెలుపు ఉంది. నేను ఓడిపోయినందుకు నాకంటే సంతోషించినవాళ్ళు ఎవరూ ఉండరు.

బళ్ళారిలో ఒక గది తీసుకున్నాం. ఆ గదిలో అమ్మకు ఏదీ నచ్చలేదు. బాలింతకు కట్టెల నీళ్ళు లేవు, సాంబ్రాణి వేస్తే ఇంటివాళ్ళు అరుస్తున్నారు, కిటికీ తీస్తే లారీల దుమ్ము బిడ్డ మీద పడుతోంది. బాలింతను ఇలా గాలికి వదిలితే జన్మంతా నొప్పులే అని అమ్మ నమ్మకం. నేను పశువులకు గాలికుంటు టీకాలు వేయడానికి ఊళ్ళు తిరుగుతున్నప్పుడు, మరిది కారు మాట్లాడి వాళ్ళను ఊరికి తెచ్చేశాడు. నేను వచ్చేసరికి చెల్లెలు మా ఇంట్లో మంచం మీద, చెవుల్లో దూది, తలకు గుడ్డ కట్టుకుని కూర్చుని ఉంది. నేను గొంతు చించుకుంటుంటే అది చెవులు చూపించి, "ఏంది అక్కా? వినపడలే," అని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించుకోలేను, అలాగని అది లేకుండానూ ఉండలేను.

తర్వాత కొన్ని మంచి రోజులు గడిచాయి. ఆ గదిలోకి పోయిన ప్రతిసారీ నేను ముక్కు ఎగబీల్చేదాన్ని. ఎనుముల దగ్గర అలవాటు. కుళ్ళు వాసన ఉందేమో అని. పసిబిడ్డ వాసన, వాము వాసన, సాంబ్రాణి, అంతే. జ్వరం లేదు. ప్రతి పూటా బళ్ళారి పోదాం పదండి అంటూనే ఉన్నాను. రేపు, ఎల్లుండి, పురుడు కానీ అంటూనే ఉన్నారు. దాని మొహంలో నెత్తురు కళ చూసి నేను కూడా నమ్మడం మొదలుపెట్టాను. ఒకవేళ అమ్మ మాటే నిజమేమో, ఒకవేళ దయ ఉందేమో అని.

ఒకరోజు మధ్యాహ్నం కంప్లి దగ్గర ఒక కళ్ళంలో దూడకు కట్టు కడుతుంటే అమ్మ ఫోన్. గొంతులో ఆనందం పొంగుతోంది.

"పాపా, మాయ కదిలింది. పడేటట్టుండాది."

"ఎట్ల తెలిసింది?"

"నెత్తురు పోతాంది. గడ్డలు గడ్డలు వస్తాండాయి. పడేముందు ఎనుముకు కూడా కొంచెం పోతాది గదా."

నేను ఆ కళ్ళంలో ఎలా అరిచానో, ఆ రైతు తర్వాత ఎప్పుడో చెప్పాడు. కారు పిలువు, ఎవరి కారైనా సరే, బళ్ళారి, ఇప్పుడే, జల్దీ. నేను బండి మీద నేరుగా బళ్ళారికి పోయాను. మధ్యలో వరి కోత మిషన్లు రోడ్డు నిండా నడుస్తున్నాయి. వాటి వెనకాల పోతూ, గోడలో తెరుచుకున్న నాళాలు ఎంత లావుగా ఉంటాయో, నెలలు నిండిన మనిషి గర్భసంచికి ఎంత నెత్తురు పోతుందో లెక్క వేసుకుంటున్నాను. ఏ లెక్క వేసినా మా ఊరి నుంచి బళ్ళారి దూరమే ఎక్కువ వస్తోంది.

వాళ్ళు నాకన్నా కాస్త ముందే చేరారు. స్ట్రెచర్ మీద చెల్లెలు కాగితంలా ఉంది. అమ్మ చీర మోకాళ్ళ నుంచి కింది దాకా తడిసి నల్లగా కనపడుతోంది. "అక్కా, చలి," అంది చెల్లెలు. నా దుపట్టా దాని మీద కప్పాను. అందులో పశువుల మందు వాసన వస్తోందని మొహం చిట్లించింది. అంతలో లోపలికి తీసుకుపోయారు. మరిది రక్తం కోసం పరిగెత్తాడు. అమ్మ బిడ్డను ఒళ్ళో వేసుకుని బయట బెంచీ మీద కూర్చుంది.

చాలాసేపటికి ఆ డాక్టరమ్మే తలుపు దగ్గరికి వచ్చి నన్ను లోపలికి పిలిచింది. గర్భసంచి తీసేశాం, ఎంత ఎక్కించినా గుండె నిలవలేదు అని చెప్పింది. ఆమె కళ్ళు కూడా ఎర్రబడి ఉన్నాయి. నేను అడిగితే పక్కనే పళ్ళెంలో ఉన్నదాన్ని చూపించింది. గోడ మందం ఎక్కడా లేదు. మాయ దాన్ని పూర్తిగా తినేసి బయటి పొర కింద నీలంగా కనపడుతోంది. పట్టి చూడక్కరలేదు, కొలిచి చూడక్కరలేదు. చదువుకునే రోజుల్లో ఇలాంటిది ఒకటి నా చేతికి దొరికితే ఎగిరి గంతేసి ఉండేదాన్ని. ఆ ఆలోచన ఆ క్షణంలో నాకు వచ్చింది, వచ్చిందని దాచను.

బయటికి వచ్చాను. మరిది ఇంకా రక్తం దగ్గర నుంచి రాలేదు. అమ్మ ఒక్కతే ఉంది. బిడ్డ నిద్రపోతోంది.

"పడిందా పాపా?" అంది.

ఆమె మొహం చూశాను. ఏమని చెప్పాలి? "వచ్చేసిందమ్మా. మొత్తం వచ్చేసింది," అన్నాను.

అమ్మ కళ్ళు మూసుకుంది. చెయ్యెత్తి గోడ వైపు దండం పెట్టింది. ఆ దండం చూస్తే ఇన్ని రోజులూ ఆమె ఎంత భయపడిందో నాకు అప్పుడు అర్థమైంది. నాకన్నా ఎక్కువ భయపడింది. నేను పక్కన కూర్చుని ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను. చీర ఇంకా తడిగానే ఉంది.

"దానికి ఆకలైతాంటాది," అంది అమ్మ. "పొద్దున్నుంచి ఏం తినలే. పో, ఇడ్లీ కట్టించుకోని రా. లేచేసరికి వేడిగా ఉండల్ల."

నేను లేచి క్యాంటీనుకు పోయాను. ఎన్ని ప్లేట్లు అని వాళ్ళు కన్నడంలో అడిగారు. ఒకటి చాలన్నాను. చట్నీ వద్దు, బాలింతకు అన్నాను.